గీతలో బలం ముందా, అక్షరం కట్టు ముందా? చైనీస్ కాలిగ్రఫీ నేర్చుకుంటున్నాను, సలహా కావాలి

సిరామరక (ఎంవీపీ కాలనీ):

అందరికీ నమస్కారమండీ. ఏడాదిన్నరగా చైనీస్ కాలిగ్రఫీ, అంటే కుంచెతో అక్షరాలు రాసే కళ, నేర్చుకుంటున్నాను. ఆన్‌లైన్ క్లాసు, వారానికి ఒక్కరోజు, గంటన్నర. మిగతా రోజుల్లో ఆఫీసు నుంచి వచ్చి, వంట అయ్యాక, డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి ముక్క పరుచుకుని రాసుకుంటాను. కైషూ అంటారు కదా, గీతలన్నీ విడివిడిగా, నిటారుగా కనిపించే రాత, అదే మా పాఠం. మాదిరిగా ఇచ్చింది ఒయాంగ్ షున్ రాసిన శాసనం. 632లో తాంగ్ వంశపు చక్రవర్తి వేసవి విడిదిలో నీటి ఊట బయటపడితే దాని గురించి చెక్కించిన రాతిపలక అది. అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి. ఆ వయసు మనిషి చేతిలోంచి వచ్చిన గీతలంటే నమ్మబుద్ధి కాదు, ఒక్కటీ వణకదు.

నా బాధ ఏంటంటే, మా టీచర్ వారం వారం నా పేజీ చూసి ఒకటే మాట అంటారు, గీతలో బలం లేదు, ఎముక లేదు అని. సరే అని గట్టిగా నొక్కితే గీత జలగలా ఉబ్బిపోతుంది, కుంచె వెంట్రుకలు రెండు పాయలుగా చీలి మధ్యలో తెల్లగా వదిలేస్తుంది. నొక్కడం తగ్గిస్తే గీత సన్నబడి వణుకుతుంది. అది సరిచేసుకుందామని గీత మీదే మనసు పెట్టి రాస్తే అక్షరం మొత్తం ఒక పక్కకి ఒరిగిపోతుంది. పోనీ, ముందు అక్షరం సరిగ్గా కూర్చోబెడదాం అని గడుల కాగితం తీసి, నాలుగు వైపులా కొలతలు చూసుకుంటూ రాస్తే అమరిక బాగానే వస్తుంది గానీ గీతలు చచ్చినట్టు పడుంటాయి. ఒకటి పట్టుకుంటే ఇంకోటి జారిపోతోంది.

మొన్న ఆదివారం పది అనే అక్షరం రాశాను. చూడ్డానికి మన కూడిక గుర్తులా ఉంటుంది, అడ్డగీత ఒకటి, నిలువుగీత ఒకటి, అంతే. అరవై సార్లు రాశాను. అరవైలో ఒక్కటి కూడా నాకే నచ్చలేదు. రెండు గీతల అక్షరమే ఇలా ఏడిపిస్తే పదిహేను గీతల అక్షరాలు నేనెప్పటికి రాస్తాను? క్లాసులో ఇరవై మందిమి, టీచర్‌ని విడిగా అడిగే టైమ్ దొరకదు. మేడమ్ చెప్పేది అబద్ధం కాదని నాకు తెలుసు, నా గీతలో నిజంగానే ఏదో లేదు, కానీ ఆ ఏదో ఏంటో తెలియట్లేదు. వాడుతున్నది మేక వెంట్రుకలు, వీజిల్ (ముంగిసలా ఉండే చిన్న జంతువు) వెంట్రుకలు కలిపి కట్టిన కుంచె, సీసా సిరా, వెదురు గుజ్జు కాగితం.

ఇక్కడ కుంచె పట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. ముందు గీత మీద పడాలా, అమరిక మీద పడాలా?


భీమిలి గాలి:

మీ పోస్టు చదువుతుంటే నా మొదటి ఏడాది గుర్తొచ్చిందండీ. నేను ఎంబీబీఎస్‌కి చైనా వెళ్ళాను. హాస్టల్ ఎదురుగా పార్కు ఉండేది, పొద్దున్నే పెద్దవాళ్ళు చీపురు కర్రంత పొడుగున్న కుంచెలు తెచ్చుకుని, బకెట్లో నీళ్ళు ముంచి నేల మీద పలకల పైన అక్షరాలు రాసేవాళ్ళు. నాలుగు వరసలు పూర్తయ్యేసరికి మొదటి వరస ఆరిపోయేది. వాళ్ళలో ఒక తాతగారు నాకు కుంచె ఇచ్చి రాయమన్నారు. నేను ఎప్పట్లాగే వేళ్ళతో తిప్పబోయాను. అంత పొడుగు కర్రని వేళ్ళతో తిప్పలేం కదా, భుజం కదలాల్సిందే. ఆరోజు మొదటిసారి గీత అనేది వేళ్ళలోంచి రాదని నాకు ఒంటికి తెలిసింది.

మీరు బలం అనగానే నొక్కడం అనుకుంటున్నారు, అక్కడే తిరకాసు. వాంగ్ షీజీ పేరు వినే ఉంటారు, నాలుగో శతాబ్దం ఆయన, వాళ్ళు రాతకి దేవుడిలా చూసుకునే మనిషి. ఆయన చిన్న కొడుకు ఏడెనిమిదేళ్ళ వయసులో రాసుకుంటుంటే వెనక నుంచి వచ్చి కుంచె లాగబోయాడట, పిల్లాడి చేతిలోంచి అది ఊడి రాలేదట. అప్పుడే వీడు గొప్పవాడవుతాడని తండ్రి అన్నాడని కథ. ఈ కథ విని తరతరాలుగా పిల్లలు కుంచెని పిడికిట్లో బిగించి పట్టుకున్నారు. తర్వాత పదకొండో శతాబ్దంలో సూ షీ అనే కవి ఈ కథనే తీసుకుని, రాత గొప్పతనం కుంచె బిగించి పట్టడంలో లేదు, కుంచె ఎటు పోతుందో అటు పోనిస్తూ పద్ధతి తప్పకుండా ఉండటంలో ఉంది అని తేల్చి చెప్పాడు. నాకు ఆయన మాటే సరైనదనిపిస్తుంది. బిగించిన చెయ్యి కుంచె కదలికని వినలేదు.

బలం అంటే వాళ్ళు వాడే పోలికలు రెండు చెప్తాను, రెండూ మీరు వైజాగ్‌లోనే చూడొచ్చు. మొదటిది ఇసుకలో మొనతో గీసిన గీత. సాయంత్రం బీచ్‌కి వెళ్ళి, అల వచ్చి వెళ్ళిన తడి ఇసుక మీద పుల్లతో ఒక అడ్డగీత గీయండి. వంగి చూడండి. పుల్ల మొన గాడి మధ్యలో లోతుగా దిగి ఉంటుంది, రెండు అంచుల్లో ఇసుక సమానంగా లేచి ఉంటుంది. ఇప్పుడు అదే పుల్లని పక్కకి వాల్చి గీయండి. ఒక అంచు పదునుగా, రెండో అంచు చెదిరిపోయి కనిపిస్తుంది. కాగితం మీద జరిగేదీ ఇదే. కుంచె కొన గీత నడుమ నడిస్తే సిరా రెండు వైపులకీ సమానంగా పాకుతుంది, గీత గుండ్రంగా, లోపల ఏదో ఉన్నట్టు కనిపిస్తుంది. కొన అంచుకి జారితే గీత పలచబడి రిబ్బన్‌లా పడుకుంటుంది. మీకు రెండు పాయలుగా చీలుతోందంటే కొన మధ్యలో లేదని, పైగా కుంచెని మొదలంటా నొక్కుతున్నారని అర్థం.

రెండోది వానకి కారిన గోడ మీద చార. మన ఊళ్ళో వర్షాకాలంలో ఏ పాత డాబా గోడ చూసినా కనిపిస్తుంది. నీటి బొట్టు సర్రున జారిపోదు, ఆగుతుంది, కాస్త నీరు చేరాక కదులుతుంది, మళ్ళీ ఆగుతుంది. చార మొత్తం తిన్నగానే ఉంటుంది గానీ స్కేలు పెట్టి గీసినట్టు ఉండదు. గీత లాగేటప్పుడు కాగితం మిమ్మల్ని కొంచెం అడ్డుకుంటున్నట్టు, ఆ అడ్డుని దాటుకుంటూ వెళ్తున్నట్టు ఉండాలి. గబగబా లాగేస్తే సిరా దిగదు, మరీ నెమ్మదైతే మడుగు కడుతుంది.

చేత్తో చేయాల్సినవి చెప్తాను. కుంచె నిటారుగా ఉండాలి, అరచేతిలో కోడిగుడ్డు పట్టేంత ఖాళీ ఉండాలి. మణికట్టు బల్ల మీద ఆనించకండి, మొదట్లో భుజం లాగేస్తుంది, రెండు వారాలు ఓర్చుకోండి. అడ్డగీత మొదలుపెట్టేటప్పుడు వెళ్ళాల్సిన వైపుకి వెంటనే వెళ్ళకుండా, కొన కొంచెం వెనక్కి దూర్చి, కూర్చోబెట్టి, అప్పుడు ముందుకి కదలాలి. అన్నిటికంటే ముఖ్యం లేపడం. అందరూ నొక్కడం నేర్చుకుంటారు, లేపడం నేర్చుకోరు. గీత సగంలోకి వచ్చేసరికి కుంచెని వెంట్రుకవాసి పైకి లేపితే వెంట్రుకలు వాటంతట అవే దగ్గరికి చేరతాయి, ఆ స్ప్రింగు మీకు వేళ్ళకి తెలుస్తుంది. మీ టీచర్ అడుగుతున్న ఎముక అదేనని నేననుకుంటున్నాను. కైషూకి కుంచెలో కింది మూడో వంతు చాలు, బొజ్జ దాకా వెళ్ళక్కర్లేదు.

కాబట్టి నా ఓటు గీతకే. ఆరు నెలలు గీతలే రాయండి, అమరిక దానంతట అది వస్తుంది.


పాత బోర్డులు (వన్‌టౌన్):

డాక్టర్ గారి మాట కాదంటున్నానని అనుకోవద్దు, ఆయన చెప్పినవి చేతికి సంబంధించినంతవరకు నూటికి నూరు పాళ్ళూ నిజం. కానీ ఆఖర్న అమరిక దానంతట అదే వస్తుందన్నారు చూడండి, అక్కడ నాకు అభ్యంతరం ఉంది. రాదమ్మా. నాకు చైనా అక్షరం ఒక్కటి కూడా తెలీదు, నేను బోర్డులు రాసేవాణ్ణి. ఫ్లెక్సీలు వచ్చేదాకా పూర్ణా మార్కెట్ వైపు షాపులకి, హార్బర్లో బోట్లకి పేర్లు రాశాను. గోడ మీద రాసినా, రేకు మీద రాసినా, చెక్క మీద రాసినా కుంచె ఒకటే, కష్టం ఒకటే.

మీ పోస్టులో ఒక మాట నాకు పట్టేసింది. కొలతలు చూసుకుంటూ రాస్తే గీతలు చచ్చిపోతున్నాయి అన్నారు. ఎందుకు చస్తున్నాయో చెప్పనా? మీరు గీత గీస్తూ గీస్తూ అది ఎక్కడ ఆగాలో వెతుక్కుంటున్నారు. సగం దూరం వెళ్ళాక కన్ను గడి వైపు పోతుంది, చెయ్యి ఆగుతుంది, మళ్ళీ కదులుతుంది. ఆ అనుమానమంతా గీతలోకి దిగుతుంది. చెయ్యి వణకడం చేతి జబ్బు కాదు, ఎక్కడికి వెళ్ళాలో ముందే తేల్చుకోకపోవడం. నేను పని నేర్చుకున్న కొత్తలో మా గురువు నన్ను కుంచె ముట్టుకోనివ్వలేదు. ఎనామిల్ పెయింటు కలపడం, సుద్దముక్కతో గీతలు కొట్టడం, అంతే. రోజూ సాయంత్రం రోడ్డుకి అవతలి పక్క నిలబెట్టి, ఈ బోర్డులో ఏ అక్షరం కదులుతోందో చెప్పు అనేవాడు. అక్షరం కదలడం ఏంటి అనుకునేవాణ్ణి. నెల తిరిగేసరికి కనిపించడం మొదలైంది. విశాఖపట్నం అని రాస్తే ట కింద న వత్తు దిగుతుంది, ఆ దిగినచోట కింద బరువు పెరుగుతుంది, పైన ఖాళీ అయిపోతుంది. పక్కనున్న అక్షరాన్ని పిసరంత దగ్గరికి జరపకపోతే అక్కడ పన్ను ఊడినట్టు ఉంటుంది. స్కేలు పెట్టి కొలిస్తే అన్నిటి మధ్యా దూరం సమానమే, కంటికి మాత్రం కాదు. కాబట్టి కొలవాల్సింది అక్షరాన్ని కాదు, అక్షరాల మధ్య మిగిలిన చోటుని.

ఈ కన్ను వచ్చాకే నా కుంచె ఆగకుండా నడిచింది. గురువు చేతిలో బలం అనుకున్నది నిజానికి ఆయన కంట్లో ఉంది. ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలిసినవాడి చెయ్యి ఒక్క ఊపులో వెళ్తుంది. బోటు మీద రాసేటప్పుడైతే బోటు కూడా నీళ్ళమీద కొద్దిగా కదులుతూనే ఉంటుంది, అక్కడ వెతుక్కుంటూ రాయడం కుదరనే కుదరదు.

మీరు చేయాల్సిన పని ఒకటి చెప్తాను. మీరు రాసిన కాగితాన్ని తలకిందులుగా గోడకి అంటించి పదడుగుల దూరంలో నిలబడి చూడండి. తలకిందులైతే అది అక్షరంలా కనపడదు, నలుపు తెలుపు ముక్కల్లా కనపడుతుంది. ఎక్కడ బరువు, ఎక్కడ ఖాళీ అన్నది చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. మాదిరి పేజీని కూడా అలాగే తిప్పి పక్కన పెట్టండి. అరవై సార్లు రాయడం కంటే ఆరు సార్లు రాసి, ప్రతి దానికీ ముందొక నిమిషం, వెనకొక నిమిషం చూడటం మేలు. అరవై రాస్తే మొదటి పదీ మీరు రాస్తారు, మిగతా యాభై అలవాటు రాస్తుంది, అదీ మీ తప్పు అలవాటే.


సిరామరక (ఎంవీపీ కాలనీ):

ఇద్దరికీ చాలా చాలా థాంక్స్. బాబాయ్ గారూ, మీరు వెతుక్కుంటున్నారు అన్న మాట చదివి కాసేపు అలాగే కూర్చుండిపోయాను, అచ్చంగా అదే చేస్తున్నాను. డాక్టర్ గారూ, లేపడం ప్రయత్నిస్తాను. ఇంకో చిన్న సందేహం. రాతి శాసనం కదా, మా పుస్తకంలో నల్లటి పేజీ మీద తెల్లటి అక్షరాలు ఉంటాయి. మూలలు కత్తితో కోసినట్టు పదునుగా ఉంటాయి. ఆ పదును నా కుంచెకి రాదు, అందుకని గీత గీశాక మూల దగ్గర కొనతో కొంచెం దిద్దుతున్నాను. అది తప్పా?


తెల్లచోటు (సీతమ్మధార):

తప్పే తల్లీ, ఇవాళే మానెయ్. దిద్దిన గీత ఎండాక తెలిసిపోతుంది, రెండోసారి పడ్డ సిరా అంచు వేరుగా కనపడుతుంది. గీత తప్పైతే తప్పుగానే ఉండనీ, రేపటి గీతకి అదే పాఠం.

డ్రాయింగ్ టీచరుగా రిటైరయ్యాను, పదమూడేళ్ళుగా ఈ రాత రాస్తున్నాను. నీ సందేహానికి ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే నీ కష్టంలో సగం అక్కడే ఉందని నాకనిపిస్తోంది. నువ్వు చూస్తున్నది ఒయాంగ్ షున్ కుంచె కాదు, ఆయన రాసింది చూసి ఇంకొకరు రాతి మీద చెక్కితే, ఆ రాతి మీద కాగితం తడిపి అంటించి, సిరా అద్ది తీసిన అచ్చు. ఆ పదును ఉలిది. సాంగ్ వంశం ఏలిన కాలంలో మీ ఫూ అనే గొప్ప రాతగాడు దీన్ని ఖరాఖండిగా చెప్పాడు, రాతి మీద చెక్కినదాన్ని చూసి నేర్చుకోకూడదు, మనం రాసింది ఇంకొకరు చెక్కితేనే అది మన రాత కాకుండా పోతుంది, అసలు సిరాతో రాసింది చూస్తేనే దాని రుచి తెలుస్తుంది అని. అంత మాట అక్కర్లేదు గానీ, మూలల పదును మాత్రం వదిలెయ్. ఇంకోటి, నలుపు మీద తెలుపు అసలు కంటే లావుగా కనిపిస్తుంది, అది కంటి గుణం. అందుకే నువ్వు మాదిరిలా ఉండాలని నొక్కి నొక్కి లావు చేస్తున్నావు. ఫోన్లో ఆ పేజీ ఫోటో తీసి రంగులు తిరగెయ్, తెలుపు మీద నలుపు అవుతుంది. ఒక్కసారి గీతలన్నీ సన్నబడతాయి, నువ్వే ఆశ్చర్యపోతావు.

ఇక బలమా, అమరికా అన్నది. జావ్ మెంగ్‌ఫూ అని యువాన్ వంశం ఏలిన కాలం రాతగాడు, కుంచె వాడకం అన్నిటికంటే పైది, అయినా అక్షరం కట్టు మీద కూడా కష్టపడాలి అన్నాడు. డాక్టరు బాబు ఆయన పక్షం. నేను మాత్రం బోర్డుల అన్నయ్య మాటకే దగ్గరగా ఉన్నాను. అక్షరం మనసులో పూర్తయ్యాకే కుంచె కదలాలన్నది వాళ్ళలోనూ ఎప్పటినుంచో ఉన్న మాట. నీ ఒయాంగ్ షున్‌నే తీసుకో. దారిలో వెళ్తూ పాత శాసనం ఒకటి చూశాడట, సువో జింగ్ అనే ఆయన రాసింది. చూసి నాలుగు అడుగులు వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చాడు. నిలబడి నిలబడి అలసిపోయి కింద ఏదో పరుచుకుని కూర్చున్నాడు. చివరికి దాని పక్కనే పడుకున్నాడు, మూడు రోజులకి గానీ అక్కణ్ణుంచి కదల్లేదు. ఆ మూడు రోజులూ ఆయన చేసింది చూడటమే.

ఏం చూడాలి అంటావా, రెండు అక్షరాలు చెప్తాను. మూడు అనే అక్షరం, మూడు అడ్డగీతలు. గీత సాధన మాత్రమే చేసినవాళ్ళు మూడూ ఒకేలా రాస్తారు, అప్పుడది నిచ్చెన మెట్లలా ఉంటుంది. మంచి మాదిరిలో పైగీత నడుము కొంచెం కిందికి దిగి పైకి చూస్తున్నట్టు ఉంటుంది, మధ్యది పొట్టి, తిన్నన, కిందిది పొడుగు, నడుము పైకి లేచి కప్పుతున్నట్టు ఉంటుంది. మూడూ ఒకదాన్నొకటి చూసుకుంటాయి. ఇది తెలిశాక కిందిగీత గీసేటప్పుడు నీ చేతికి ఊపు వేరుగా వస్తుంది, పైన రెండూ దాని మీద నిలబడాలని తెలుసు కాబట్టి. రెండోది అడవి. చెట్టు అనే అక్షరాన్ని పక్కపక్కన రెండుసార్లు రాస్తే అడవి. చెట్టుకి కుడివైపు కాలు ఒకటి పొడుగ్గా చాపి ఉంటుంది. అడవిలో ఎడమ చెట్టు ఆ కాలు ముడుచుకుని చుక్కంత చేసుకుంటుంది, కుడి చెట్టుకి చోటివ్వడానికి. బస్సులో పక్కన ఇంకొకరు కూర్చుంటే మనం మోకాలు దగ్గరికి తీసుకుంటామే, అలాగ. చోటివ్వని ఎడమ చెట్టుకి ఎంత బలమైన గీత పెట్టినా, అక్షరం గుద్దుకుంటూనే ఉంటుంది. నువ్వు చెప్పిన ఒరిగిపోవడం చాలాసార్లు ఇదే.

మన తెలుగువాళ్ళకి ఇంకో అడ్డు కూడా ఉంది. మనది గుండ్రటి లిపి. తాటాకు మీద గంటంతో అడ్డంగా గీస్తే ఆకు చీలుతుంది కాబట్టి అలా తయారైందని అంటారు. చిన్నప్పటినుంచి తలకట్టు, సున్న, వట్రుసుడి అన్నీ వేళ్ళు తిప్పుతూ ఆగకుండా రాసినవాళ్ళం, మూల వచ్చేసరికి మన చెయ్యి తిరిగిపోతుంది. ఇక్కడ మూలలో ఆగాలి, కుంచె లేపాలి, కొన సర్దుకోవాలి, మళ్ళీ నొక్కి దిగాలి. నోరు, సూర్యుడు లాంటి పెట్టె అక్షరాలతో ఆ ఒక్కటీ అలవాటు చేసుకో.

కొన మధ్యలో నడిచిందో లేదో తెలుసుకోవడానికి మంచి పరీక్ష ఒకటుంది. పదో శతాబ్దంలో షూ షుయాన్ అనే ఆయన రాసిన అక్షరాలని ఎండకి ఎత్తి చూస్తే గీత నడుమ చిక్కటి సిరా దారం ఒకటి కనిపించేదట, మలుపుల్లో కూడా అది పక్కకి జరిగేది కాదట. షెన్ కువో అనే పండితుడు రాసిపెట్టాడు. నేను పొద్దున తూర్పు కిటికీకి కాగితం ఆనించి చూస్తాను. నా గీతల్లో ఆ దారం అన్నిసార్లూ కనపడదు, కనపడిన రోజు ఆ కాగితం దాచుకుంటాను. దీనికి వెదురు కాగితం కంటే షువాన్ అనే చైనా కాగితం బాగుంటుంది, సిరా పాకకుండా పటిక పట్టించని రకం. అయితే వానాకాలంలో మన ఊరి తేమకి అది తెరిచి ఉంచితే మెత్తబడి సిరా ఎక్కువ పాకుతుంది, ప్లాస్టిక్ కవర్లో బియ్యం పొట్లంతో పాటు పెట్టి, రాసే ముందు రెండు షీట్లే బయటికి తియ్యి.

రోజూ ఒకే అక్షరం తీసుకో. మాదిరిని రెండు నిమిషాలు చూడు, పుస్తకం మూసెయ్, చూడకుండా రాయి. అప్పుడు తెరిచి, ఏది మర్చిపోయావో వెతుకు. నువ్వు మర్చిపోయిన చోటే నీ గీత బలహీనంగా ఉంటుంది, చూసుకో.


భీమిలి గాలి:

అమ్మా, ఆ ఎండ పరీక్ష నాకు తెలీదు, ఇవాళే చూశాను. నా అడ్డగీతల్లో దారం బాగానే ఉంది, కుడికి దిగే వాలుగీతలో మాత్రం కింది అంచుకి వెళ్ళిపోయింది, ఇన్నేళ్ళూ నాకు తెలీలేదు. నేను అమరిక గురించి తేలిగ్గా మాట్లాడాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ సిరామరక గారూ, మణికట్టు మాత్రం బల్లకి ఆనించొద్దు, అందులో రాజీ లేదు.


సిరామరక (ఎంవీపీ కాలనీ):

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి, అందరూ చెప్పినవి చేసి చూశాకే రాద్దామనుకున్నాను.

ముందు బీచ్‌కి వెళ్ళాను, పొద్దున ఆరింటికి. అల వెళ్ళిన ఇసుక మీద కొబ్బరి ఈనెతో గీశాను. నిటారుగా పట్టుకుని గీసిన గాడి రెండు అంచులూ ఒకే ఎత్తులో ఉన్నాయి, వాల్చి గీస్తే ఒక వైపు ఇసుక రాలి గాడిలోనే పడింది. ఇంకో అల వచ్చింది. వాల్చిన గీత ముందు పోయింది, నిటారుది ఇంకో రెండు అలలు ఆగింది. అది చూశాక ఇంటికొచ్చి కుంచె పట్టుకుంటే చెయ్యి దానంతట అదే నిటారుగా నిలబడింది.

పేజీ రంగులు తిరగేసి చూశానమ్మా, మీరన్నట్టే నేను ఇన్నాళ్ళూ రెట్టింపు లావు రాస్తున్నాను. దిద్దడం ఆరోజే మానేశాను. రాసినవి గోడకి తలకిందులుగా అంటిస్తే మా అమ్మ వచ్చి, ఇదేంటే ఇటు పక్కంతా ఖాళీ వదిలేశావు అంది. అమ్మకి అది ఏ అక్షరమో, ఏ భాషో తెలీదు. ఏంటమ్మా నీకెలా తెలిసింది అంటే, చుక్కలు తప్పిన ముగ్గు తెలీదా అంది. మర్నాడు అమ్మ ముగ్గేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. వేళ్ళ మధ్య నుంచి పిండి జారుతోంది, వేళ్ళు మాత్రం కదలట్లేదు, భుజం నుంచి చెయ్యంతా వెళ్తోంది. కళ్ళు పిండి పడే చోట లేవు, వెళ్ళాల్సిన చుక్క మీద ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా మా గుమ్మంలో జరుగుతున్నది ఇప్పుడు చూశాను.

ఆరోజు నుంచి అడ్డగీతకి ముందు అది ఆగాల్సిన చోట చూపు పెట్టి, చూపు అక్కడే ఉంచి గీస్తున్నాను. వణుకు పూర్తిగా పోలేదు, నిలువుగీతలో ఇంకా ఉంది. మొన్న క్లాసులో పది అనే అక్షరం ఆరు రాసి పంపించాను. మేడమ్ నాలుగో దాని మీద ఎర్ర సున్న చుట్టారు. బలం గురించి ఏమీ అనలేదు, నిలువుగీత కొంచెం కుడికి జరుపు అని మాత్రం రాశారు. ఆ కాగితం కిటికీకి పెట్టి చూశాను, అడ్డగీతలో దారం సగం దాకా ఉంది. మిగతా సగంలో ఎక్కడికి పోయిందో వెతుకుతున్నాను. డాక్టర్ గారూ, గీత చివర ఆపేటప్పుడు కొనని వెనక్కి తిప్పుతాం కదా, అక్కడ ముందు లేపాలా, ముందు నొక్కాలా?


భీమిలి గాలి:

ముందు లేపండి. వెంట్రుకవాసి లేపి, కుడివైపు కిందికి చిన్నగా నొక్కి, అప్పుడు వచ్చిన దారినే వెనక్కి. లేపకుండా నొక్కితే కొన మడతపడుతుంది, మీ దారం పోతున్నది అక్కడే అయ్యుండొచ్చు. ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చూస్తాను.